గోడ దగ్గర మనిషిని భోజనానికి పిలిచాను

నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, నా పనే అలాంటిది. ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరైనా వచ్చి "అది దానంతటదే అయిపోయిందండీ" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. దానంతటదే ఏదీ అవదు, ఎక్కడ, ఎన్నింటికి, ఏం నొక్కితే అయిందో చెప్పు అంటాను. మా టీమ్‌లో పిల్లలు నా వెనక నన్ను పోలీసమ్మ అంటారని కూడా తెలుసు.

అలాంటి నేను 2008 మార్చిలో జరిగినదాన్ని ఎన్నిసార్లు విప్పి చూసుకున్నానో లెక్కలేదు. ఎక్కడా ముడి దొరకలేదు. చదివిన వాళ్ళెవరైనా "ఇదిగో, ఇక్కడ పొరబడ్డావు" అని చెబితే వాళ్ళకి దణ్ణం పెడతాను. అందుకే రాస్తున్నాను.

అప్పట్లో మేము అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను, మా ఆయన శ్రీధర్. మా తమ్ముడు వంశీ అప్పుడే ఎమ్మెస్‌కి వచ్చాడు. వాడికి ఇరవై మూడేళ్ళు, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. వాణ్ణి చంకనేసుకుని తిప్పినదాన్ని నేనే. అమెరికా పంపేటప్పుడు అమ్మ నాతో ఫోన్‌లో "వాడు నీ చేతిలో ఉన్నాడు" అంది. ఆ మాట నా నెత్తి మీద ఎప్పుడూ ఉండేది.

స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి వాడు మా దగ్గరికి వచ్చాడు. అదే సమయానికి మా ఆయన కొలీగ్ కిరణ్ సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాడు. కిరణ్‌ది వరంగల్. మనిషి మంచివాడే గానీ కొత్త బొమ్మ దొరికితే నిద్రపోడు. వెస్ట్ టెక్సస్‌లో మెక్సికో బోర్డర్ దగ్గర ఎడారి ఉందట, అందులో జీపులు మాత్రమే పోయే మట్టి రోడ్లున్నాయట, మూడు రోజులు క్యాంపింగ్ చేద్దాం అని వెంటబడ్డాడు. వంశీ ఎగిరి గంతేశాడు. నేను వద్దంటే నా మాట ఎవరూ వినరని తెలిసి, తిండి సంగతి చూసుకున్నాను. పులిహోర కలిపాను, పెరుగన్నానికి సరుకు సర్దాను, ఆవకాయ చిన్న సీసాలోకి తీశాను.

ఇర్వింగ్ నుంచి పది గంటల డ్రైవ్. మిడ్‌లాండ్ దాటాక ఇళ్ళు పలచబడ్డాయి, ఇంకా దక్షిణానికి వెళ్ళేసరికి సెల్ ఫోన్ సిగ్నల్ పోయింది. దారిలో ఒక మోటెల్‌లో పడుకుని, మర్నాడు పొద్దున మట్టి రోడ్డు ఎక్కాం. రోడ్డంటే మర్యాదకి అనడమే. రాళ్ళు, గుంటలు, ఎండిపోయిన వాగులు. గంటకి పది మైళ్ళు పోతే గొప్ప. నా నడుము హూనమైంది. మా తమ్ముడు మాత్రం వెనక సీట్లో ఊగుతూ నవ్వుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి రోడ్డు పక్కన పాత రాతిగోడలు కనబడ్డాయి. ఒకప్పుడు అక్కడ గనులుండేవట, పనివాళ్ళు ఉన్న ఊరట. పైకప్పులు లేవు, మొండిగోడలు. చుట్టుపక్కల నీడ అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. గోడ నీడలో దుప్పటి పరిచి నేను ప్లేట్లలో పులిహోర పెట్టేదాకా ఎదురుగా ఉన్నవేమిటో ఎవరం పట్టించుకోలేదు. ఓ యాభై గజాల దూరంలో రాళ్ళ కుప్పలు, వాటి మీద వంకరగా వాలిన చెక్క శిలువలు. పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. సమాధుల దగ్గర తింటున్నామని అప్పుడు తెలిసింది. లేచి వెళ్దామా అంటే ఆ ఎండలోకి ఎవరూ లేవలేదు.

నేను రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటూ తలెత్తాను. సమాధులకి అవతల, కూలిన గోడ దగ్గర, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నడివయసు మనిషి. పొడుగు చేతుల చొక్కా. అంత ఎండలో టోపీ తల మీద పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని ఛాతీకి ఆనించుకున్నాడు. మావైపే చూస్తున్నాడు. కొండలెక్కే హైకర్ ఎవరో అనుకున్నాను, ఆ ఎడారిని కాచే రేంజర్ అనుకున్నాను, భయమేమీ వేయలేదు.

మా తెనాలి వైపు ఒక అలవాటు ఉంది. అన్నం తింటుండగా ఎవరైనా గుమ్మంలో కనబడితే "రండి, భోంచేద్దాం" అంటాం. వాళ్ళు "కానివ్వండి, కానివ్వండి" అంటారు. పిలిచేవాళ్ళూ నిజంగా పిలవరు, ఆ పిలుపుకి ఎవరూ నిజంగా రారు. అదో మర్యాద. చిన్నప్పటి నుంచి నోటికి పట్టేసింది. ఆ మనిషిని చూడగానే నేను ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టి, ఎడం చేత్తో సైగ చేసి, అచ్చ తెలుగులో "రండి, భోంచేద్దాం" అన్నాను.

"ఎవర్ని పిలుస్తున్నరు వదినా? ఈడ ఎవరున్నరు?" అన్నాడు కిరణ్.

ముగ్గురూ వెనక్కి తిరిగి చూశారు. నేనూ చూశాను. ఎవరూ లేరు. గోడ నడుమెత్తే ఉంది, వంగితే తప్ప దాని వెనక దాక్కోవడం కుదరదు. వంశీ పడీ పడీ నవ్వాడు. "మా అక్క శవాల్ని కూడా వదలదు, పిలిచి పెట్టేస్తుంది" అన్నాడు. నోర్ముయ్యరా అన్నాను గానీ నాకు ఎక్కడో గుచ్చుకుంది. పిలిచాక పెట్టకపోతే బాగుండదనిపించి, ఒక పేపర్ ప్లేట్లో రెండు గరిటెలు పులిహోర పెట్టి ఆ గోడ మీద ఉంచి, వెనక ఎవరూ లేరని చూసి వచ్చాను. అమ్మ అయినా అదే చేసేది.

అరగంట తర్వాత సర్దుకుంటూ ప్లేటు తీసుకోబోతే ఖాళీగా ఉంది. పక్షులు తిని ఉంటాయి. నేను చూస్తుండగా ఒక్క పక్షి కూడా వాలలేదు గానీ, ప్లేటు మీదే కళ్ళేసుకుని కూర్చోలేదు కదా. అక్కడ నేను తీసిన ఫోటో కూడా ఉంది. గోడ, శిలువలు, వెనక కొండ. పెద్దది చేసి ఎన్నిసార్లు చూశానో. అందులో ఎవరూ లేరు. లేనిది ఉందని రాయను.

అక్కణ్ణుంచి కొండ చుట్టూ తిరిగి నాలుగు మైళ్ళు పోయి టెంట్లు వేశాం. ఆ రాత్రి ఏమీ జరగలేదు, అందరం మొద్దు నిద్ర పోయాం.

మర్నాడు పొద్దున ఏడున్నరకి, అప్పుడే వెలుగు వస్తుండగా, వంశీ లేచాడు. అక్కడ బాత్‌రూమ్‌లు ఎక్కడుంటాయి? మనవాళ్ళ పద్ధతి తెలిసిందేగా, నీళ్ళ సీసా పట్టుకుని బయల్దేరాడు. దగ్గర్లో పొద ఉంది, కానీ బావ ముందు, కిరణ్ ముందు సిగ్గు. హవాయి చెప్పులేసుకుని ఎదురుగా ఉన్న గుట్ట వెనక్కి వెళ్ళాడు. టీ కలుపుతూ నేను "తొందరగా రా, చల్లారిపోతుంది" అన్నాను. వాడు సీసా ఊపాడు.

ఇరవై నిమిషాలైంది. కిరణ్ జోకులేశాడు. నలభై నిమిషాలైంది. మా ఆయన గుట్ట ఎక్కి పేరు పెట్టి పిలిచి, దిగొచ్చి "కనబడట్లేదు" అన్నాడు.

వాడి దగ్గర ఫోన్ లేదు, ఉన్నా పనిచేయదు. ఒకే ఒక్క సీసా నీళ్ళు, అవీ తాగడానికి తీసుకెళ్ళినవి కావు. మార్చి నెలైనా ఆ ఎడారిలో మధ్యాహ్నానికి తొంభై అయిదు ఫారన్‌హీట్ డిగ్రీలవుతుందని నిన్ననే చూశాం. తొమ్మిదిన్నరకి కిరణ్ సాయం కోసం జీపు వేసుకుని వెళ్ళాడు. తారు రోడ్డుకి పదిహేను మైళ్ళు. మా ఆయన చుట్టూ ఉన్న గుట్టలన్నీ ఎక్కి అరిచాడు. నేను టెంట్ దగ్గరే ఉండాలి, వాడు తిరిగొస్తే మనిషి ఉండాలి కదా. స్టీలు గిన్నె బోర్లించి గరిటెతో కొడుతూ కూర్చున్నాను, నాలుగు గంటల సేపు. చప్పుడు వింటే దారి దొరుకుతుందని. కొడుతున్నంతసేపూ నాకు ఒకటే కనబడుతోంది, ఛాతీకి టోపీ ఆనించుకుని నిలబడ్డ ఆ మనిషి. ఆ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. ఎవరో ఉన్నారనిపించి పిలిచానని మాత్రమే అన్నాను, మనిషి ఎలా ఉన్నాడో ఎవరికీ చెప్పలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఒకటిన్నరకి కిరణ్ వచ్చాడు. వెంట వేరే బండిలో ఒక రేంజర్, ఆయనతో పాటు అక్కడి పశువుల రాంచ్‌లో పనిచేసే ముసలాయన. ముసలాయనకి జాడలు పట్టడం తెలుసట. స్పానిష్ తప్ప పెద్దగా మాట్లాడడు. గుట్ట వెనక్కి తీసుకెళ్తే రెండు నిమిషాల్లో హవాయి చెప్పుల గుర్తులు పట్టుకున్నాడు. ఆయన ముందు నడుస్తుంటే రెండు బళ్ళూ వెనక మెల్లగా పోయాయి. కిరణ్ ఆగి ఆగి హారన్ కొడుతున్నాడు.

కొంత దూరం పోయాక ముసలాయన ఆగి రేంజర్‌తో ఏదో అన్నాడు. రేంజర్ మాకు ఇంగ్లీషులో చెప్పాడు. దారి తప్పినవాడు గుండ్రంగా తిరుగుతాడట, వెనక్కీ ముందుకీ పోతాడట. ఈ అబ్బాయి తిన్నగా నడిచాడు, ఎక్కడికి పోవాలో తెలిసినట్టు. ఇంకోటి కూడా చెప్పాడు. దారి ఇరుకైన చోటల్లా ఈ అబ్బాయి పక్కకి జరిగి నడిచాడట, ఇంకొకరికి చోటిచ్చినట్టు. ఇంకొకరి అడుగులున్నాయా అని అడిగాను. లేవన్నాడు.

గుర్తులు ఎటు పోతున్నాయో నాకు ముందే తెలిసిపోయింది. కొండకి అడ్డంగా రెండున్నర మైళ్ళు, నిన్న మేము తిన్న చోటికే. సమాధులు దాటి అవతల ఒక పల్లం ఉంది, అందులో ఇంకో ఇల్లు. మేము కూర్చున్న చోటి నుంచి అది కనబడదు. మూడు గోడలు, గుమ్మం, కప్పు లేదు.

నేను జీపు ఆగకముందే దూకి పరుగెత్తాను. వంశీ లోపల నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ముందు ఒక బల్లపరుపు రాయి. పెదాలు పగిలి నెత్తురు కారి ఎండిపోయింది. కళ్ళు గుంటలు పడ్డాయి. ఒళ్ళంతా తెల్లగా దుమ్ము. నన్ను చూసి, "అప్పుడే వచ్చేశావేంటక్కా?" అన్నాడు. టైమ్ రెండున్నర. వాడు వెళ్ళి ఏడు గంటలైంది.

వాడి చెయ్యి పట్టుకుని లేపబోయాను. కుడిచెయ్యి తడిగా ఉంది.

సరిగ్గా చెబుతాను. మణికట్టు దాకా తడి. దుమ్ము లేదు, శుభ్రంగా కడుక్కున్న చెయ్యి. వేళ్ళ చివర్ల నుంచి చుక్క కారి నా చొక్కా మీద పడింది. ఎడం చెయ్యి ఎండిపోయి, మోచేతి దాకా మట్టి. ఆ ఎండలో తడిబట్ట ఆరేస్తే పది నిమిషాలు పట్టదు, చెయ్యి ఎంతసేపు తడిగా ఉంటుంది? ఒక నిమిషం, పోనీ రెండు. వాడి నీళ్ళ సీసా గుట్ట వెనకే దొరికింది, ఖాళీగా. ముసలాయన కూడా ఆ చెయ్యి చూశాడు. "ఆగ్వా?" అంటూ, అంటే నీళ్ళా అని, ఇల్లంతా, పల్లమంతా వెతికాడు. తొట్టి లేదు, ఊట లేదు, తడి మట్టి కూడా లేదు. తిరిగొచ్చి, లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడ్డాడు.

మా ఆయన తర్వాత అది చెమట అన్నాడు. చెమట ఒక్క చేతికే పడుతుందా అండీ అని అడిగాను. ఆయన కోప్పడ్డాడు.

ఎనభై మైళ్ళ అవతల ఉన్న చిన్న ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సెలైన్ ఎక్కించారు. ఇంకో గంటో రెండు గంటలో ఆలస్యమై ఉంటే కిడ్నీలు పోయేవని డాక్టర్ చెప్పాడు. ఎండదెబ్బకి మనసు లేనిపోనివి చూపిస్తుంది, ఏం చెప్పినా పట్టించుకోవద్దని కూడా చెప్పాడు. నేను తలూపాను. ఇప్పటికీ ఆ మాటే పట్టుకుని ఉండాలని చూస్తాను.

సాయంత్రానికి వంశీ తెప్పరిల్లి చెప్పాడు. గుట్ట వెనక నుంచి వస్తుంటే దారి తెలియలేదట. అప్పుడు ఒకాయన ఎదురయ్యాడట, మధ్య వయసు మనిషి, పొడుగు చేతుల చొక్కా. "అక్కా, ఎండెక్కాక కూడా టోపీ నెత్తిన పెట్టుకోకుండా గుండెకి పట్టుకుని నడుస్తాడేంటా అనుకున్నా" అన్నాడు. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఆయన వెంట నడిచాడట. ఏ భాషలో మాట్లాడాడురా అంటే ఆలోచించాడు. గుర్తు లేదట, అర్థమైందట. మా ఇంటికి రా, భోంచేద్దువు గాని అన్నాడట.

ఇర్వింగ్‌లో మనవాళ్ళ వారాంతాలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. వాళ్ళు పిలిచారు, ఇప్పుడు మనం పిలవాలి. ఒకసారి తిని వస్తే పిలుపు బాకీ. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఉంటే నాకు ఆ మాటే తోచింది. నేను పిలిచాను, పెట్టాను. ఆయన మర్యాద తెలిసిన మనిషి. నా తమ్ముణ్ణి తీసుకెళ్ళాడు.

"మరి తిన్నావా?" అని అడిగాను.

"లేదక్కా. మా అక్క టీ పెట్టింది, టిఫిన్ చేస్తుంది, కడుపు నింపుకుని వెళ్తే తిడుతుంది అన్నాను. సరేలే అన్నాడు" అన్నాడు.

నేను ఏడుస్తూనే నవ్వాను. నా తిట్లు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చాయి అన్నాను. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి వాడికి ఫుడ్ పాయిజన్ అయిందని చెప్పాను. అయిదేళ్ళ పాటు ఆ సమాధానంతోనే బతికాను. ఏమైతేనేం, వాడు వద్దన్నాడు, బయటపడ్డాడు.

2013లో, వాడు ఇంకో రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో ఉద్యోగం చేస్తుండగా, ఒక వారం మా ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం, మేమిద్దరమే వంటింట్లో. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, నా ముఖంలోకి చూడకుండా అన్నాడు.

"అక్కా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. వద్దనలేదు."

నేను గరిటె గిన్నెలో పెట్టేసి వాడి ఎదురుగా కూర్చున్నాను.

"ఆకలేసింది. వాసన ఎంత బాగుందో. సరేనని కూర్చున్నా. ఆయనే చెంబుతో నీళ్ళు పోశాడు, చెయ్యి కడుక్కున్నా. వడ్డించబోతుంటే హారన్ వినబడింది. మా వాళ్ళొచ్చారండీ అన్నాను. నువ్వు ఆసుపత్రిలో అంతలా ఏడుస్తుంటే ఇదెలా చెప్పను?"

"అప్పుడాయన ఏమన్నాడు?"

"ఏమీ అనుకోలేదక్కా. సరే, ఇంకోసారి వచ్చి తినిపో అన్నాడు."

"నువ్వేమన్నావురా?"

వాడు నన్ను వింతగా చూశాడు, అదేం ప్రశ్న అన్నట్టు. "ఏమంటాం? తప్పకుండా వస్తానండీ అన్నాను."

రెండేళ్ళ కిందట స్నేహితులతో ఆ ఎడారికే ట్రిప్ ఒకటి ప్లాన్ చేస్తున్నామని, జీపులు బుక్ చేశామని వాడు మాటల్లో అన్నాడు. నేను ఫోన్‌లోనే ఎంత అరిచానంటే మా ఆయన మేడ మీద నుంచి దిగొచ్చాడు. వాడు వెళ్ళలేదు. కానీ ఎందుకు వెళ్ళాలనుకున్నావురా అంటే ఊరికే అనిపించిందట. ఎండదెబ్బ అని డాక్టర్ చెప్పింది నిజమే కావచ్చు. ఆ తడి ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం నాకు తెలియదు, ఎన్నటికీ తెలిసేలా లేదు. నాకు తెలిసిందల్లా ఒకటే. మార్చి నెల వస్తే రోజూ వాడికి ఫోన్ చేసి ఎక్కడున్నావురా అని అడుగుతాను, వాడు ఇంట్లోనే ఉన్నానక్కా అనేదాకా నాకు ముద్ద దిగదు.